మన గుమ్మం ముందు నుంచి ఏం వెళ్తోందో మనకు చెప్పాలి

మధురవాడలో ఉండేవాళ్ళందరికీ జాతీయ రహదారి తెలుసు. కార్‌షెడ్ జంక్షన్ దగ్గర పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడానికి ఎదురుచూసే ఆడవాళ్ళకి మరీ బాగా తెలుసు. రేవు నుంచి, ఫ్యాక్టరీల నుంచి ఉత్తరానికి పోయే లారీలు, ట్యాంకర్లు కొమ్మాది, మారికవలస మీదుగా ఆనందపురం వైపు రాత్రీ పగలూ పోతూనే ఉంటాయి. ఏ ట్యాంకర్లో ఏముందో మనకు తెలియదు. ఎవరూ చెప్పరు. మనమూ అడగం. రోడ్డు మనదే, ఊరు మనదే, ఊపిరి మనదే. సరుకు సంగతి మాత్రం మనది కాదని మనల్ని నమ్మించారు.

విశాఖలో సరుకు గురించి మనకు చెప్పేది అధికారులు కాదు, ప్రమాదాలు. 1997 సెప్టెంబరు 14న హిందుస్తాన్ పెట్రోలియం రిఫైనరీలో ఓడ నుంచి వంట గ్యాసు దించుకుంటుండగా లీకై పేలుడు జరిగింది. దాదాపు 60 మంది చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి విషవాయువు వెలువడి 12 మంది ప్రాణాలు పోయాయి. స్టైరీన్ అనే పేరు ఆ చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్ళు మొదటిసారి విన్నది ఆస్పత్రి మంచాల దగ్గరే. అదే ఏడాది ఆగస్టు 4న ఎక్కడో బీరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. అదే సరుకు మన రేవులో కూడా దిగుతోందన్న సంగతి విశాఖలో అప్పుడు ఇంటింటి మాటయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటు చేశారు.

ఇప్పుడు వీటన్నిటికన్నా ప్రమాదకరమైన సరుకు ఒకటి మన తీరం లెక్కల్లోకి వస్తోంది. అది వాడిన అణు ఇంధనం. దాన్ని దేశాల మధ్య, సముద్రాల మీద, రోడ్ల మీద తరలించడానికి అంతర్జాతీయ నిబంధనలున్నాయి. పెట్టె ఎలా ఉండాలో, ఓడ ఎలా ఉండాలో, ఏ ప్రభుత్వం ఏ ప్రభుత్వానికి చెప్పాలో ఆ నిబంధనల్లో ఉంది. ఒడ్డున ఉన్న మనిషికి ఏం చెప్పాలో మాత్రం లేదు. మన వాదన అంతా ఈ ఒక్క లోటు గురించే.

ఒక మాట ముందే స్పష్టంగా చెప్పాలి. విశాఖ రేవులో ఈ రోజు వాడిన అణు ఇంధనం పెట్టెలు దిగుతున్నాయని మనం అనడం లేదు. పుకార్లు పుట్టించడం మన పని కాదు. సరుకు రాకముందే నిబంధన రావాలంటున్నాం. వచ్చాక అడిగితే జవాబు ఎలా ఉంటుందో వెంకటాపురం మనకు నేర్పింది.

కొవ్వాడ నుంచి మధురవాడ ఎంత దూరం?

రియాక్టరులోకి పోకముందు యురేనియం ఇంధన కడ్డీల వల్ల వచ్చే ప్రమాదం తక్కువే. కార్మికులు వాటిని చేతి తొడుగులతో పట్టుకుని పని చేస్తారు. రియాక్టరులో కొన్నేళ్ళు ఉండి బయటికి వచ్చాక సంగతి వేరు. అడ్డు ఏమీ లేకుండా వాటి దగ్గర నిలబడితే నిమిషాల్లోనే ప్రాణాంతకమైన మోతాదు తగులుతుంది. వాటిలోని సీసియం-137, స్ట్రాన్షియం-90 సగానికి తగ్గడానికి సుమారు 30 ఏళ్ళు పడుతుంది. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికి 24,000 ఏళ్ళు. అందుకే ఆ కడ్డీల్ని ఏళ్ళ తరబడి నీటి కొలనుల్లో చల్లబరిచి, ఆ తర్వాత 100 టన్నుల దాకా బరువుండే దిట్టమైన ఉక్కు పెట్టెల్లో తరలిస్తారు.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో సముద్రం ఒడ్డున కొవ్వాడ ఉంది. మధురవాడ నుంచి అదే జాతీయ రహదారి మీద తగరపువలస, భోగాపురం, పూసపాటిరేగ దాటి వెళితే 50-60 కిలోమీటర్ల దూరం. అక్కడ ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు పెట్టాలని నిర్ణయించారు. ఇవి మొదట గుజరాత్‌లోని మితివిర్దికి కేటాయించినవి. అక్కడి రైతులు భూములు ఇవ్వబోమని గట్టిగా నిలబడ్డారు. 2016లో ఆ ప్రాజెక్టును కొవ్వాడకు మార్చారు. గుజరాత్ రైతుకు వద్దన్నది ఉత్తరాంధ్ర మత్స్యకారుడికి ముద్దవుతుందా? వలసలతో ఖాళీ అవుతున్న జిల్లా, అడిగేవాళ్ళు తక్కువ అన్న లెక్క తప్ప ఇందులో ఏ శాస్త్రముంది?

ఇలాంటి రియాక్టరు ఒక్కొక్కటి ఏడాదికి సుమారు 20 టన్నులకు పైగా వాడిన ఇంధనాన్ని బయటికి తీస్తుంది. ఆరు రియాక్టర్లకు కలిపి ఏడాదికి 120 టన్నుల పైమాటే. ఇంధనాన్ని తిరిగి శుద్ధి చేసే కర్మాగారాలు మన దేశంలో ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో లేవు. అంటే ఆ ఇంధనానికి రెండే దారులు. తరతరాలు కొవ్వాడ ఇసుకలో ఉండిపోవాలి, లేదా రోడ్డో రైలో ఓడో ఎక్కాలి. రోడ్డెక్కితే అది మనం రోజూ దాటే రోడ్డు. సబ్బవరం మీదుగా వేసిన బైపాస్ ఎక్కితే పెందుర్తి ఆడవాళ్ళు దాటే రోడ్డు. ఓడెక్కితే భీమిలి, పూడిమడక మత్స్యకారుల సముద్రం. ఏ దారిన పోయినా ఎవరో ఒకరి గుమ్మం ముందు నుంచే పోవాలి. కొవ్వాడలో రియాక్టర్లు ఇంకా కట్టలేదు. అందుకే ఈ ప్రశ్న ఇప్పుడే వెయ్యాలి.

స్టైరీన్ వెనక్కి వెళ్ళింది, ఇది వెళ్ళదు

వెంకటాపురం ప్రమాదం తర్వాత ప్రజల ఆగ్రహానికి తలొగ్గి రాష్ట్ర ప్రభుత్వం ఒక పని చేసింది. ట్యాంకుల్లో మిగిలిన స్టైరీన్, సుమారు 13,000 టన్నులు, విశాఖ రేవు నుంచే ఓడల్లో దక్షిణ కొరియాకు తిప్పి పంపించింది. అది చిన్న విషయం కాదు. ‘ఎవరి సరుకు వాళ్ళు తీసుకుపోవాలి’ అని జనం అడిగితే సాధ్యమవుతుందని రుజువైంది.

అణు ఇంధనం విషయంలో ఆ తలుపు ఎప్పుడో మూసేశారు. చరిత్ర చూడండి. తారాపూర్ రియాక్టర్లకు 1963 ఒప్పందం కింద అమెరికా ఇంధనం అమ్మింది. 1974 అణు పరీక్ష తర్వాత సరఫరాకు అడ్డుపడింది. 1993లో ఒప్పందం గడువు తీరింది. వాడిన ఇంధనాన్ని అమెరికా తీసుకుపోలేదు. తన అనుమతి లేకుండా మనం శుద్ధి చేసుకోకూడదని మాత్రం పట్టుబట్టింది. ఆ కడ్డీలు తారాపూర్‌లోనే ఉండిపోయాయి.

కూడంకుళం కథ ఇంకా విచిత్రం. 1988లో రాజీవ్ గాంధీ, గోర్బచేవ్ కుదుర్చుకున్న ఒప్పందంలో వాడిన ఇంధనం సోవియట్ యూనియన్‌కు తిరిగి వెళ్ళాలని ఉంది. సోవియట్ యూనియన్ కూలిపోయాక 1998లో ఆ ఒప్పందాన్ని సవరించి, ఇంధనం ఇక్కడే ఉండేటట్టు మార్చారు. తమిళనాడు తీరంలో వేలాదిమంది బతుకులకు సంబంధించిన ఈ మార్పును ఇడింతకరై ఆడవాళ్ళని అడిగి చేశారా? 2013 మే 6న సుప్రీం కోర్టు కూడంకుళం తీర్పులో, వాడిన ఇంధనాన్ని దాచడానికి ప్రత్యేక వసతి, శాశ్వత భూగర్భ నిల్వ సంగతి తేల్చమని ఆదేశించవలసి వచ్చింది. రియాక్టరు కట్టి, ఇంధనం నింపి, ఆ తర్వాత చెత్త ఎక్కడ పెట్టాలా అని ఆలోచించారన్నమాట. మన ఇళ్ళలో మరుగుదొడ్డి గుంట తవ్వకుండా గోడలు లేపే మేస్త్రీని మనం పనిలో ఉంచుకుంటామా?

ఇక కొవ్వాడ. 2008 భారత అమెరికా అణు ఒప్పందంలో, ఒప్పందం రద్దయితే సరఫరా చేసిన అణు పదార్థాన్ని వెనక్కి ఇమ్మని అడిగే హక్కు అమెరికాకు ఉంది. తీసుకుపొమ్మని అడిగే హక్కు మనకు లేదు. 2010లో కుదిరిన మరో ఏర్పాటు ప్రకారం, అమెరికా ఇంధనాన్ని మనమే కొత్తగా ప్రత్యేక కర్మాగారాలు కట్టి, అంతర్జాతీయ తనిఖీల కింద శుద్ధి చేసుకోవాలి. లాభం తీసుకునేవాడు పిట్స్‌బర్గ్ దగ్గర, బరువు మోసేవాళ్ళు రణస్థలం దగ్గర. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

ఇదివరకే వచ్చి వెళ్ళింది

విశాఖకు ఇదంతా కొత్త అని ఎవరైనా అంటే వాళ్ళకు చరిత్ర తెలియదు. 1988 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్ నుంచి అద్దెకు తెచ్చిన అణు జలాంతర్గామి ఐ.ఎన్.ఎస్. చక్ర విశాఖకు వచ్చింది. 1991 జనవరిలో తిరిగి వెళ్ళిపోయింది. అదే పేరుతో రష్యా నుంచి అద్దెకు తెచ్చిన రెండోది 2012 ఏప్రిల్ 4న ఇక్కడే నౌకాదళంలో చేరి, 2021లో తిరిగి వెళ్ళింది. ఆ రెండో జలాంతర్గామిలోనే 2008 నవంబరు 8న, రష్యాలో ప్రయోగాల సమయంలో, మంటలార్పే వాయువు పొరపాటున విడుదలై 20 మంది చనిపోయారు. రియాక్టరుకు ఏమీ కాలేదు. కానీ ‘అంతా పకడ్బందీ’ అనే మాటకు ఎంత విలువుందో ఆ 20 మంది కుటుంబాలకు తెలుసు.

జలాంతర్గామి లోపల రియాక్టరుంటుంది. రియాక్టరులో వాడుకలో ఉన్న ఇంధనం ఉంటుంది. అంటే అంతర్జాతీయ సరిహద్దులు దాటి, విశాఖ నడిబొడ్డున ఉన్న రేవులోకి, అణుధార్మికత నిండిన ఇంధనం రావడం, పోవడం రెండు సార్లు జరిగింది. యుద్ధనౌకలకు అంతర్జాతీయ నిబంధనలు వర్తించవు. దేశరక్షణ రహస్యాలు బయట పెట్టమని మనం అడగడం లేదు. జలాంతర్గామి ఎప్పుడు ఎక్కడ తిరుగుతుందో మనకక్కర్లేదు. రేవులో ఏదైనా జరిగితే పాతనగరం ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఏ వైపు పోవాలన్నది ఏ దేశ రహస్యం? శత్రువుకు అది తెలిస్తే ఏం నష్టం, మనకు తెలియకపోతే ఎంత నష్టం?

నిబంధనలు ఎవరి కోసం?

అంతర్జాతీయ నిబంధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1993లో వాడిన అణు ఇంధనం, ప్లుటోనియం, అధిక స్థాయి అణు వ్యర్థాలను ఓడల్లో తరలించడానికి ఒక నియమావళి తయారుచేసింది. మొదట అది ఇష్టమైతే పాటించేది. 2001 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఓడ మునగకుండా ఎలా కట్టాలి, మంటలార్పే ఏర్పాట్లు ఏముండాలి, సరుకు ఎలా చల్లబరచాలి, అత్యవసర పథకం ఏమిటి, అన్నీ అందులో ఉన్నాయి. మంచిదే. కానీ దారిలో ఉన్న తీర దేశాలకు ముందుగా తెలియజెయ్యాలన్న నిబంధన అందులో లేదు. ప్రమాదం జరిగితే మాత్రం దగ్గర్లోని తీర దేశానికి కబురు చెయ్యాలట! చావు కబురు చెప్పడానికి చట్టం ఉంది, ముందు హెచ్చరించడానికి లేదు.

దీన్ని మొదట ప్రశ్నించింది మనలాంటి దేశాలే. 1995లో ఫ్రాన్స్ నుంచి జపాన్‌కు అణు వ్యర్థాలతో పసిఫిక్ పింటెయిల్ అనే ఓడ బయలుదేరినప్పుడు, తన 200 మైళ్ళ సముద్ర జలాల్లోకి రావద్దని చిలీ తన నౌకాదళాన్ని పంపింది. కరీబియన్ ద్వీపాలు, పసిఫిక్ ద్వీపాలు ఏళ్ళ తరబడి నిరసన తెలిపాయి. చేపల మీద, పర్యాటకుల మీద బతికే చిన్న దేశాలవి. ఒక్క పుకారుతోనే వాళ్ళ పొయ్యి ఆరిపోతుంది. ధనిక దేశాలు ‘సముద్రయాన స్వేచ్ఛ’ అనే పాత మాటతో వాళ్ళ నోరు మూయించాయి.

ప్రమాదకర వ్యర్థాల మీద 1989లో వచ్చిన బాసెల్ ఒప్పందం అణు వ్యర్థాలను తన పరిధి నుంచి తప్పించింది. వాడిన ఇంధనం, అణు వ్యర్థాల భద్రత మీద 1997లో ప్రత్యేక ఒప్పందం వచ్చింది. సరిహద్దులు దాటించే ముందు చేరవలసిన దేశానికి తెలియజేసి అంగీకారం తీసుకోవాలని దాని 27వ అధికరణం చెబుతుంది. ఆ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. మరి మన సొంత చట్టం? 1976 సముద్ర జలాల చట్టం ప్రకారం విదేశీ యుద్ధనౌకలు మన ప్రాదేశిక జలాల్లోకి రావాలంటే కేంద్ర ప్రభుత్వానికి ముందుగా తెలియజెయ్యాలి. పరాయి దేశాలను ‘నాకు చెప్పి రా’ అని దబాయించే రాజ్యం, తన ప్రజలకు తాను చెప్పడం మాత్రం అనవసరమనుకుంటుంది.

ఇక పెట్టెల పరీక్షలు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిబంధనల ప్రకారం ఆ పెట్టె 9 మీటర్ల ఎత్తు నుంచి పడినా పగలకూడదు. 800 డిగ్రీల మంటలో 30 నిమిషాలు నిలవాలి. 200 మీటర్ల లోతు నీటి ఒత్తిడిని ఒక గంట తట్టుకోవాలి. పెట్టెలు దిట్టమైనవే, కాదనం. కానీ 1997లో మన రిఫైనరీ గంటల తరబడి మండింది. పెట్టె పరీక్షలో మంట 30 నిమిషాలకు ఆగుతుంది, మన ఊళ్ళో మంట ఎవరి గడియారమూ చూసుకోదు.

ఆ పెట్టె పక్కన నిలబడ్డ మనిషి ఎవరు?

అణుధార్మికత మోతాదు ఎంతైతే ‘పరవాలేదు’ అని లెక్కలు కట్టడానికి ఈ శాస్త్రం దశాబ్దాల పాటు ఒక ఊహా మనిషిని ఆధారం చేసుకుంది. 1975లో అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన నిర్వచనంలో అతడు 20-30 ఏళ్ళ వయసు, 70 కిలోల బరువు, 170 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తెల్లజాతి పురుషుడు. పశ్చిమ యూరప్, ఉత్తర అమెరికా వాళ్ళ అలవాట్లున్నవాడు. అతడు చేపల గంప నెత్తిన పెట్టుకుని భీమిలి నుంచి నడవడు. అతడికి రక్తహీనత లేదు. అతడు ఎన్నడూ గర్భం దాల్చడు. పిల్లకు పాలివ్వడు.

ఇది ఆవేశంతో అనే మాట కాదు. అమెరికా జాతీయ అకాడమీ 2006లో ప్రచురించిన అంచనాలు చూడండి. లక్షమంది పురుషులకు, లక్షమంది స్త్రీలకు ఒకే మోతాదు, 0.1 గ్రే, తగిలితే జీవితకాలంలో అదనంగా వచ్చే కణితి క్యాన్సర్లు పురుషుల్లో సుమారు 800, స్త్రీలలో సుమారు 1,300. రక్త క్యాన్సరులో పురుషుల సంఖ్య కొంచెం ఎక్కువే, 100కు 70. అయినా మొత్తం మీద భారం స్త్రీ శరీరం మీదే ఎక్కువ. పసిపిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, ఇంకా ఎక్కువ. లెక్క మగవాడి పేరు మీద, మూల్యం ఆడదాని ఒంటి మీద.

క్యాన్సరు ఒక్కటే కాదు నష్టం. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత ఆ తీరంలో ఏడాదికి పైగా చేపల వేట ఆగిపోయింది. వేట మళ్ళీ మొదలైనా ఆ చేపను కొనేవాళ్ళు నమ్మడానికి ఎన్నేళ్ళు పడుతుంది? మన తీరంలో చేప పట్టేది మగవాళ్ళయినా, దాన్ని ఎండబెట్టి, గంపకెత్తి, వీధి వీధి తిరిగి అమ్మి డబ్బు చేసేది ఆడవాళ్ళు. ‘సముద్రంలో ఏదో పడిందట’ అన్న ఒక్క మాటతో ఆమె గంప అలాగే ఉండిపోతుంది. ఆ నష్టానికి ఏ చట్టంలోనూ ఆమె పేరు లేదు.

‘అంతా రహస్యం, అంతా భద్రం’

మనం ఈ ప్రశ్నలు వేస్తే వచ్చే జవాబులు మనకు తెలిసినవే. మొదటిది, ‘ప్రపంచమంతా దశాబ్దాలుగా వేల సార్లు తరలించారు, పెద్ద ప్రమాదం ఎప్పుడూ జరగలేదు.’ నిజమే. పెట్టె పగిలి జనానికి పెద్ద ఎత్తున హాని జరిగిన సంఘటన లేదు. అయితే ఆ రికార్డు ఏ ఏర్పాట్లున్న దేశాల్లో వచ్చింది? వెస్టింగ్‌హౌస్ సొంత దేశం అమెరికానే తీసుకోండి. అక్కడ వాడిన అణు ఇంధనం ఒక రాష్ట్రం గుండా పోవాలంటే ఆ రాష్ట్ర గవర్నరుకు ముందుగా లిఖితపూర్వకంగా తెలియజెయ్యాలి. 2012లో ఆ నిబంధనను విస్తరించి ఆదిమ తెగల ప్రభుత్వాలకు కూడా తెలియజెయ్యాలన్నారు. అమెరికాలో తెగ పెద్దకున్న హక్కు కొవ్వాడ సర్పంచికి ఎందుకు లేదు? కంపెనీ తన రియాక్టరును ఓడెక్కించి తెస్తుంది, దాంతోపాటు తన దేశపు హక్కుల్ని మాత్రం అక్కడే వదిలి వస్తుంది.

రెండోది, ‘బయటికి చెబితే టెర్రరిస్టులకు తెలిసిపోతుంది.’ తేదీ, గంట, కాపలా వివరాలు దాచుకోండి. ఆ అమెరికా నిబంధనల్లో కూడా అవి రహస్యమే. కానీ ఏ రోడ్డు, ఏ రేవు ఈ సరుకుకు ఎంపిక చేశారు, ఆ దారిలో ఏ ఆస్పత్రిలో ఏ ఏర్పాటుంది, జనం ఏం చెయ్యాలి, ఎవరు బాధ్యులు, ఇవి దాచవలసినవి కావు. 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ అణు కేంద్రాల సమాచారాన్ని తొక్కిపెట్టే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. ఆరు దశాబ్దాలు ఆ సెక్షన్ శత్రువుల కన్నా పౌరుల నోళ్ళనే ఎక్కువ మూసింది.

మూడోది, ‘మా దగ్గర నియంత్రణ సంస్థ ఉంది, మీకెందుకు బెంగ?’ అణుశక్తి నియంత్రణ మండలిని 1983లో ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పెట్టారు. ఎవరిని నియంత్రించాలో వాళ్ళ నీడలోనే అది పని చేసింది. దానికి స్వతంత్రత లేదని 2012లో కాగ్ నివేదికే తప్పుపట్టింది. 2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి అనే ముద్దు పేరుతో కొత్త చట్టం చేసి, 1962 చట్టాన్నీ 2010 అణు నష్ట బాధ్యతా చట్టాన్నీ రద్దు చేసింది. మండలికి ఇప్పుడు చట్టబద్ధమైన హోదా వచ్చింది. అంతవరకు మంచిదే. అదే చట్టంతో అణు రంగంలోకి ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. 2010 చట్టంలో పరికరాలు అమ్మిన కంపెనీ తప్పుంటే దాని నుంచి రాబట్టుకోవడానికి వీలుండేది. భోపాల్ విషాదం నేర్పిన పాఠం అది. వెస్టింగ్‌హౌస్ లాంటి కంపెనీలకు గొంతులో ముల్లు అదే. ఆ ముల్లు ఇప్పుడు తీసేశారు.

పోనీ, పాత చట్టం గొప్పదా? అణు పదార్థాల రవాణాలో ప్రమాదం జరిగితే ఆపరేటరు బాధ్యతను అది 100 కోట్ల రూపాయలకు పరిమితం చేసింది. రియాక్టరుకైతే 1,500 కోట్లు. రోడ్డు మీద మనిషి ప్రాణం రియాక్టరు పక్క మనిషి ప్రాణం కన్నా చవక అని చట్టమే ధర కట్టింది.

2014 అక్టోబరు 12 మనలో ఎవరు మరిచిపోతారు? హుద్‌హుద్ తుఫాను దెబ్బకి చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అధికారుల దగ్గర ఏ పథకాలున్నాయో తెలియదుగానీ, ఆ రోజుల్లో బియ్యం, మంచినీళ్ళు, కొవ్వొత్తులు పంచుకున్నది పక్కింటి ఆడవాళ్ళే. ఏ అత్యవసర పథకమైనా చివరికి నడిచేది వాళ్ళ చేతుల మీద. ఆ చేతులకు ఆ కాగితం ముందుగా ఎందుకు ఇవ్వరు?

మన డిమాండ్లు

మనం గాల్లోంచి అడగడం లేదు. చెయ్యగలిగినవే అడుగుతున్నాం.

1. కొవ్వాడ రియాక్టర్ల మీద ఏ తుది ఒప్పందమైనా చేసే ముందు, వాడిన ఇంధనం ఎక్కడ ఉంటుందో, ఎన్నేళ్ళుంటుందో, ఏ దారిన ఎక్కడికి పోతుందో తెలుగులో ప్రచురించాలి. అది తేలకుండా సంతకం చెయ్యకూడదు.

2. వాడిన అణు ఇంధనం ఏ జిల్లా గుండా, ఏ రేవు గుండా వెళ్ళాలన్నా ఆ దారిని ముందుగా ప్రకటించి, ఊరూరా బహిరంగ విచారణ జరపాలి. విచారణ పగటిపూట, ఆడవాళ్ళు రాగలిగిన చోట, పోలీసు బందోబస్తు బెదిరింపు లేకుండా జరగాలి. తేదీ, గంట రహస్యంగా ఉండొచ్చు, దారి ఉండకూడదు.

3. అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో భారత ప్రభుత్వం తీర దేశాల పక్షాన నిలబడాలి. ముందస్తు సమాచారం ఇవ్వడం నియమావళిలో తప్పనిసరి చెయ్యాలని కోరాలి. 1997 ఒప్పందంలో చేరాలి.

4. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ రేవు, రహదారి ప్రమాద పథకాలను వార్డుల్లో, పంచాయతీల్లో గోడల మీద అంటించాలి. ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ వర్కర్లకు, స్వయం సహాయక సంఘాలకు శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణకు జీతం కట్టాలి, సేవ పేరుతో ఊరికే చేయించుకోకూడదు.

5. అనుమతించే మోతాదులు లెక్కకట్టేటప్పుడు గర్భిణిని, పసిబిడ్డను కొలమానంగా తీసుకోవాలి.

6. నష్టపరిహారంలో చేపలమ్మే ఆడవాళ్ళ, దినకూలీల ఆదాయ నష్టాన్ని పేరు పెట్టి చేర్చాలి. తప్పు సరఫరాదారుదైతే సరఫరాదారే కట్టాలి.

‘ఇవన్నీ శాస్త్రవేత్తల విషయాలు, ఆడవాళ్ళకేం తెలుసు’ అని అనేవాళ్ళుంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం ముందు నిలబడ్డప్పుడు కూడా ‘ఎక్సైజు ఆదాయం లెక్కలు వీళ్ళకేం తెలుసు’ అన్నారు. ఆ లెక్కలు తెలియకుండానే రాష్ట్ర ప్రభుత్వం చేత మద్య నిషేధం పెట్టించారు. ఇడింతకరై చేపల కుటుంబాల ఆడవాళ్ళు 2012లో పోలీసుల లాఠీలకు ఎదురు నిలిచి, అణు కేంద్రం గురించి దేశమంతా మాట్లాడేటట్టు చేశారు. యురేనియం పరమాణు సంఖ్య మనకు కంఠతా రానక్కర్లేదు. నా పిల్ల నడిచే దారిలో ఏం పోతోందని అడగడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు.

మీ వార్డు సభలో, మీ గ్రామ సభలో, మీ సంఘం మీటింగులో ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా వెయ్యండి: మా ఊరి మీదుగా ప్రమాదకరమైన సరుకు ఏదేది పోతోంది, ప్రమాదం జరిగితే మేం ఏం చెయ్యాలి? గ్యాసుతో, స్టైరీన్‌తో, అమ్మోనియం నైట్రేట్‌తో మొదలుపెట్టండి. వాటికి జవాబు రాబట్టిన ఊరు, రేపు అణు ఇంధనం పెట్టె వచ్చినా దాన్ని ఆపి అడగగలుగుతుంది. ఆ మొదటి దరఖాస్తు మధురవాడ నుంచే వెళ్ళాలి.